గుడ్డిపువ్వు

కొత్తవాడల
కింద జంపఖానా మగ్గం, మీద మా డ్రాయింగు క్లాసు.
పంజా దెబ్బ పడ్డప్పుడల్లా
బల్ల మీది ఇత్తడి చెంబుల నీళ్ళు
సన్నగ వణుకుతుండె.
బోర్డు మీద ‘నిశ్చల చిత్రం’ అని రాసి
గుండేటి రాజమౌళి సారు తనే నవ్వేటోడు:
“ఈ ఇంట్ల నిశ్చలం యాడ దొరుకుతది బిడ్డా,
వణుకు గూడ గియ్యి.”

ఆయన తాన ఒక పాత పుస్తకం ఉండె,
అట్ట ఊడింది, చెదలు కొంచెం రుచి చూసింది.
దాన్నిండ సముద్రాల అవతలి పూలు.
నల్లటి చీకట్ల నుంచి ముందుకు వంగిన పూలు,
పక్కన సగం ఒలిచిన నిమ్మకాయ,
ఆగిపోయిన గడియారం,
రేకు మీద ఒక ఈగ.
తెల్లపువ్వు దేనికి గుర్తో, ఎర్రది దేనికో,
రాలిన రేకు ఎవరి కబురు తెస్తదో
సారు వేలు పెట్టి చదివి వినిపించేటోడు.
“మరి మన పూలకు సార్?” అన్న.
చాలాసేపు బ్రష్షు కడిగిండు.
“మన పూలకెవ్వరు అర్థం రాసిపెట్టలే.
ఏరుకొచ్చినోళ్ళే చెప్పాలె.”

పరీక్షకు ఎవరి పువ్వు వాళ్ళు తెచ్చుకోవాలె.
కాజీపేట పిల్లగాడు రైల్వే క్వార్టర్ల గన్నేరు తెచ్చిండు.
తబస్సుమ్ మండిబజార్ల గులాబీలు కొనుక్కొచ్చింది.
ఒకామె గునుగు తెచ్చి
తెల్ల అట్ట మీద తెలుపు కనపడక ఏడ్చింది.
నేను నర్సంపేట బస్సుల,
ఒళ్ళో తడిగుడ్డ, గుడ్డల పత్తిపువ్వు.

పత్తిపువ్వు ఒక రంగు మీద నిలబడదు.
పొద్దున వెన్న, మాపటికి గులాబీ,
తెల్లారితే ముదురెరుపు, ముడుచుకున్న గుప్పిట.
ఏ గడియ నిజమని పట్టుకోవాలె?
మొదటి దినం నా రంగు పువ్వు కంటే వెనుకబడ్డది,
రెండో దినం ముందల పోయింది.
మూడోసారి చెల్కంత తిరిగి
మారనిదాన్ని ఒకదాన్ని తెంపిన.
విచ్చకుండ, రేకుల రేకు చుట్టుకొని,
అచ్చం పుస్తకంల గులాబీ లెక్క,
సిగ్గుతోనో పొగరుతోనో మూసుకొని ఉన్నది.
చెంబుల పెడితే
పంజా దెబ్బకు గూడ చెక్కుచెదరలే.
ఎంత మంచిగ కుదిరిందంటే
సారు కండ్లద్దాలు తీసి, తుడిచి, మళ్ళ పెట్టుకున్నడు.
“దేనికి గుర్తు?” అన్నడు.
బొమ్మ వెనుక పెన్సిలుతో రాసిన: ఓర్పు.

సోమవారం అమ్మ వచ్చింది.
ఎనుమాముల మార్కెట్ల బస్తాలు కాంటాకెక్కే లోపు
ఒక గంట దొరికిందట.
చెప్పులు మెట్ల కింద విడిచి
జుట్టుల దూదిపోగుతోనే పైకొచ్చి
బొమ్మ ముందల నిలబడ్డది.

చెంబును చూసి
“మీ తాతది గిట్లనే ఉండె, నొక్కుతో సహా” అన్నది.
పువ్వును చూసి ఏమనలే.
చెయ్యి లేచింది.
బొటనవేలు, చూపుడువేలు
ఆమెను అడగకుండనే పోయి
బొమ్మల తొడిమెను పట్టి గిల్లినయి.

“గుడ్డిపువ్వు గదనే!”
తన చేతికి తనే ఉలిక్కిపడ్డది.
“లోపట పురుగు కూసుంటది.
రేకులను దారంతోని కుట్టుకుంటది, గందుకే విచ్చదు.
గిసొంటియి దినాం దోసెడు గిల్లి మంటలేస్తం.
నువ్వు ఇత్తడి చెంబుల పెట్టినవు.”

పుస్తకంల వాళ్ళు
ఈగను రేకు మీద కూసోబెట్టిండ్రు,
చూసెటోళ్ళకు భయం తెలువాలెనని.
నేను ఎరుగకనే లోపట పెట్టిన.
నేను గీసిన నునుపంత
దాని దారం బిగింపే.

రంగు ఇంక ఆరలే.
వేళ్ళకంటిన ఎరుపు కొంగుకు తుడుచుకుంట
“ఖరాబు జేసిన్నా బిడ్డా?” అన్నది.
సారు ఏదో చెప్పబోయి ఆగిండు.
“సరిచేస్త తియ్యి” అన్న.
చెయ్యలే.
వెనుక రాసిన మాట ఒక్కటి చెరిపిన.

తొడిమె తాన రెండు వేలిముద్రలు.
బొటనవేలి ముద్రల
పత్తిగుల్ల మొనలు గీరిన గీతలు గూడ పడ్డయి.
పై నుంచి వచ్చిన పరీక్షల సారు
మరక అనుకొని
ఆరు మార్కులు కోసిండు.